మూసీ నీళ్లలో మందులకు లొంగని ఈ-కొలైని లెక్కపెట్టడం: సీసా ముంచడం నుంచి శాతం తేల్చేదాకా

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే నాకు ఒకటే రకం ఫోన్లు. "మూసీ నీళ్లలో యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ చూద్దామనుకుంటున్నాం సార్, ఎట్లా చేయాలి?" అని. ఆ అడిగేవాళ్లలో సగం మంది అప్పటికే కూల్‌డ్రింక్ బాటిల్‌లో నీళ్లు పట్టుకొచ్చి, మూడు రోజులుగా హాస్టల్ ఫ్రిజ్‌లో దాచి ఉంటారు. ముందు ఆ నీళ్లు పారబోయమంటాను. మిగతా మాటలు ఆ తర్వాతే.

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఇక్కడ చెప్పే పద్ధతికి ఆధారం 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన 'ట్రైసైకిల్' ప్రోటోకాల్. దాన్ని మన కాలేజీ ల్యాబుల్లో ఉండే సామానుకు, మూసీ తీరుకు తగ్గట్టు సర్దాను. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఫిల్టర్ సెట్, ఇంక్యుబేటర్, ఆటోక్లేవ్, రెండు రకాల ప్లేట్లు ఉంటే చాలు.

ఆ రెండు రకాల ప్లేట్లే ఈ పనికి ప్రాణం. ఒకటి మామూలు ప్లేటు, రెండోది మందు కలిపిన ప్లేటు. ఒకే సీసా నీళ్లు, ఒకే రోజు, రెండింటి మీదా వేయాలి. మందు ప్లేటు మీద ఎన్ని పెరిగాయన్నది ఒంటరిగా ఏమీ చెప్పదు. మామూలు ప్లేటు మీది సంఖ్యలో అది ఎంత శాతమో తేలితేనే దానికి అర్థం.

## 1. ముందు ప్రశ్న తేల్చుకోండి

"నీళ్లలో రెసిస్టెన్స్" అనే మాట కింద మూడు వేర్వేరు విషయాలు కలగాపులగమైపోతుంటాయి.

- మందు అవశేషం: నీళ్లలో కరిగి ఉన్న యాంటీబయాటిక్. పటాన్‌చెరు ప్రాంతపు మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించింది ఇలాంటి లెక్కే. దీనికి మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి.
- జన్యువు: మందును పనిచేయకుండా చేసే ఎంజైములను తయారుచేయించే సీటీఎక్స్-ఎం, ఎన్‌డీఎం లాంటివి. 2011లో ఢిల్లీ నీళ్ల మీద వచ్చిన పరిశోధనలో 50 కుళాయి నమూనాల్లో 2, బయట నిలిచిన నీటి నమూనాలు 171లో 51 ఎన్‌డీఎం-1 జన్యువు చూపించాయి. దీనికి పీసీఆర్ (జన్యువును గుర్తించే పరీక్ష) కావాలి.
- బతికున్న బ్యాక్టీరియా: మందు ఉన్నా పెరిగేవి ఎన్ని? మనం చేయబోయేది ఇదే.

అన్ని బ్యాక్టీరియానూ, అన్ని మందులనూ ఒకేసారి పట్టుకోవాలని చూడకండి. బ్యాక్టీరియాలో ఈ-కొలై ఒక్కటి, యాంటీబయాటిక్కుల్లో సెఫోటాక్సిమ్ ఒక్కటి చాలు. ఈ-కొలై ఎందుకంటే అది మనుషుల, పశువుల పేగుల్లోంచి వచ్చేది, మురుగు కలిసిందనడానికి గుర్తు. సెఫోటాక్సిమ్‌ను ముక్కలు చేసే ఈఎస్‌బీఎల్ ఎంజైములున్న ఈ-కొలై మన దేశంలో ఆస్పత్రుల్లోనూ బయటా విరివిగా కనిపిస్తోంది. కాబట్టి నీళ్లలో లెక్కకు దొరుకుతుంది. అసలు దొరకని దానికోసం నెలలు పాడుచేసుకోవడం కంటే ఇది నయం.

## 2. చోట్లు ఎంచుకోవడం

కనీసం నాలుగు చోట్లు కావాలి: ఊరికి (మనకైతే హైదరాబాద్‌కు) ఎగువన నది, ఊరికి దిగువన నది, ఊరి మురుగు, కబేళా లేదా చికెన్ మార్కెట్ మురుగు. ట్రైసైకిల్ పద్ధతి కోరేది ఈ నాలుగే. ఎస్టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) లోపలికి వెళ్లే నీరు, బయటికొచ్చే నీరు కూడా చేయగలిగితే మరీ మంచిది.

మూసీలో అసలు చిక్కు "ఎగువ" ఎక్కడన్నదే. మ్యాపులో బాపూఘాట్ ఊరికి పైన ఉన్నట్టే కనిపిస్తుంది. మూసీ, ఈసీ కలిసేది అక్కడే. కానీ గండిపేట గేట్లు మూసి ఉన్న నెలల్లో అక్కడికి చేరేది ఎక్కువగా పైకాలనీల మురుగే. దాన్ని శుభ్రమైన ఎగువ అనుకుని పోల్చితే ఊరు నదికి ఏమీ చేయలేదని తేలుతుంది! ఎగువ నమూనా గండిపేట జలాశయానికి పైన, వికారాబాద్ వైపు ఉండాలి. ఎండాకాలంలో అక్కడ పారకం ఉండదు. అప్పుడు జలాశయం అంచునుంచి తీస్తే తీయండి, అది పారే నీరు కాదని రిజిస్టర్‌లో రాయండి.

దిగువ చోటు నాగోలు నుంచి ప్రతాపసింగారం దాకా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఏదైనా నాలా గానీ, ఎస్టీపీ కాలువ గానీ కలిసే చోటికి ఆనుకుని తీయొద్దు. అక్కడ రెండు నీళ్లు పక్కపక్కనే పారుతుంటాయి, రంగు తేడా కంటికే తెలుస్తుంది. బాగా కలిసేంత దూరం దిగువకు నడవండి.

పటాన్‌చెరు వైపు చేయదలిస్తే ఇసకవాగు, నక్కవాగు, మంజీరా వరుసలో చోట్లు పెట్టుకోండి. పరిశ్రమల నీళ్లయితే సీసాలో ఈడీటీఏ కూడా వేయాలి, లోహాలు బ్యాక్టీరియాను దారిలోనే చంపకుండా.

బయల్దేరే ముందు చూసుకోవలసినవి:

- ఎస్టీపీ లోపలికి వెళ్లాలంటే జలమండలి అనుమతి. ఉత్తరం కాలేజీ లెటర్‌హెడ్ మీద, కనీసం నెల ముందు.
- నమూనా పట్టే రోజుకు ముందే ఒకసారి తోడుతో వెళ్లి చోటు చూసి రావడం: దిగే దారి, కుక్కలు, బురద లోతు.
- చోటు అక్షాంశ రేఖాంశాలు ఫోన్‌లో గుర్తుపెట్టుకోవడం. "బ్రిడ్జి పక్కన" అని రాస్తే ఆర్నెల్ల తర్వాత మీకే తెలియదు.

## 3. ముందురోజు పని: మీడియా, మందు

ఈ పని చెడిందంటే చాలాసార్లు ఇక్కడే చెడుతుంది. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

మీడియా. టీబీఎక్స్ అగార్. దీని మీద ఈ-కొలై నీలి-ఆకుపచ్చ రంగులో కాలనీ కడుతుంది. నాలుగు చోట్లకు కంట్రోళ్లతో (ప్లేట్లు సరిగా పనిచేస్తున్నాయో చూసే పరీక్షలతో) కలిపి దాదాపు అరవై ప్లేట్లు అవుతాయి. రెండు ఫ్లాస్కుల్లో చెరి 600 మి.లీ. చేసుకోండి, ఒకటి మామూలుది, ఒకటి మందుది. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్.

మందు స్టాక్. సెఫోటాక్సిమ్ సోడియం పొడి. డబ్బా మీద పొటెన్సీ (పొడిలో అసలు మందు ఎంతో) రాసి ఉంటుంది, దాన్ని వదిలేయకండి. మిల్లీగ్రాముకు 910 మైక్రోగ్రాములని ఉంటే, 40 మి.గ్రా. అసలు మందు కావాలంటే తూచాల్సింది 44 మి.గ్రా. దాన్ని 10 మి.లీ. స్టెరైల్ నీళ్లలో కరిగించి, 0.22 మైక్రాన్ సిరంజి ఫిల్టర్ గుండా పంపండి. మి.లీ.కి 4 మిల్లీగ్రాముల స్టాక్ తయారైనట్టు. చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో పెట్టండి. ఒకసారి కరిగించిన ట్యూబును మళ్లీ గడ్డకట్టించొద్దు.

మెడికల్ షాపులో దొరికే ఇంజెక్షన్ వయల్ వాడొచ్చా అని అడుగుతారు. ప్రాక్టీసుకు వాడుకోండి. థీసిస్‌లోకి వెళ్లే లెక్కకు మాత్రం ల్యాబ్ గ్రేడ్ పొడే వాడాలి.

కలపడం. లీటరు మీడియాకు 1 మి.లీ. స్టాక్. అంటే మి.లీ.కి 4 మైక్రోగ్రాములు. మీ 600 మి.లీ. ఫ్లాస్కుకు 0.6 మి.లీ. మీడియా 45 నుంచి 50 డిగ్రీలకు దిగాకే కలపాలి. థర్మామీటరు లేకపోతే ఫ్లాస్కు అడుగు చెంపకు ఆనించి ఓర్చుకోగలిగేంత వేడి ఉండాలి. వాటర్ బాత్ ఉంటే అందులో అరగంట ఉంచడం అన్నిటికంటే నమ్మకం.

ఈ వేడి సంగతి నేను ఊరికే రాయలేదు. ఒకసారి మా ల్యాబులో చీకటి పడుతోందని తొందరపడి, చేత్తో పట్టుకోలేని వేడి ఫ్లాస్కులోనే మందు పోసేశాం. అది కూడా అప్పటికే రెండుసార్లు కరిగించి మళ్లీ గడ్డకట్టించిన ట్యూబు. తెల్లారి చూస్తే మామూలు ప్లేటు మీద 61 కాలనీలు, మందు ప్లేటు మీద 58. "తొంభై అయిదు శాతం రెసిస్టెన్స్!" అని పిల్లలు ఎగిరి గంతేశారు. నాకూ చెమటలు పట్టాయి, పేపరు తలపు కూడా వచ్చింది. మందుకు చచ్చిపోవలసిన కంట్రోల్ స్ట్రెయిన్‌ను ఒక మిగులు మందు ప్లేటు మీద గీసి చూస్తే అది హాయిగా పెరిగింది. ప్లేటులో పనిచేసే మందే లేదు. ఆ ఆదివారం, ఆ పెట్రోలు, ఆ అరవై ప్లేట్లు బూడిదలో పోసినట్టే.

అందుకే ప్రతి బ్యాచ్ మందు ప్లేట్ల మీదా నమూనా రావడానికి ముందే ఇవి గీయాలి:

- ఈ-కొలై ఏటీసీసీ 25922 (మందుకు లొంగే ప్రామాణిక స్ట్రెయిన్): పెరగకూడదు.
- ఈ-కొలై ఎన్‌సీటీసీ 13353, అంటే సీటీఎక్స్-ఎం-15 ఉన్న స్ట్రెయిన్: పెరగాలి, నీలంగా రావాలి.
- ఖాళీ ప్లేటు: ఏమీ రాకూడదు.

చాలా ల్యాబుల్లో పాజిటివ్ కంట్రోల్ అంటే క్లెబ్సియెల్లా ఏటీసీసీ 700603 ఒక్కటే ఉంటుంది. డిస్క్ పరీక్షకు అది సరిపోతుంది. కానీ సెఫోటాక్సిమ్‌కు అది అంత గట్టిగా ఎదురునిలవదు, పైగా టీబీఎక్స్ మీద నీలంగానూ రాదు. ప్లేటు కంట్రోల్‌గా దాన్ని నమ్ముకోవద్దు.

పోసిన ప్లేట్లు చీకట్లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి, మందు ప్లేట్లను వారం లోపల వాడేయండి. మూత మీద కాదు, అడుగున రాయండి. మూతలు మారిపోతాయి.

## 4. నీళ్లు పట్టడం

తెల్లవారుజామున బయల్దేరండి, ప్రతిసారీ అదే గంటకు. ఊరి మురుగు గంటగంటకూ మారుతుంది. పొద్దున ఏడుకు పట్టిన నీరు, మధ్యాహ్నం మూడుకు పట్టిన నీరు ఒకటి కాదు.

సంచిలో ఉండాల్సినవి:

- చోటుకు రెండు చొప్పున 500 మి.లీ. స్టెరైల్ సీసాలు, రెండు అదనం
- ఎస్టీపీ బయటి నీటికి, అందులోని క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ వేసిన సీసాలు (120 మి.లీ. సీసాకు 10 శాతం ద్రావణం 0.1 మి.లీ. లెక్కన)
- ఇంటి నుంచే మూత పెట్టి తెచ్చిన స్టెరైల్ నీళ్ల సీసా: ఫీల్డ్ బ్లాంక్
- ఐస్ బాక్స్, జెల్ ప్యాకులు, థర్మామీటరు
- మోచేతుల దాకా వచ్చే గ్లవ్స్, గమ్ బూట్లు, కళ్లద్దాలు, మార్చుకునే బట్టలు
- తాడు, బరువు కట్టిన స్టీలు హోల్డరు
- పెన్సిల్, రిజిస్టర్ (పెన్ను సిరా తడిస్తే పోతుంది)

ఒంటరిగా వెళ్లకండి. నీళ్లలోకి దిగకండి. చేతి మీద గీరుకుపోయి ఉంటే ఆ రోజు ఒడ్డున రాసుకునే పని మీది.

ఎలా పట్టాలంటే:

1. సీసా మూత తెరిచి, మూతను కిందికి చూసేలా చేతిలోనే పట్టుకోండి. నేల మీద పెట్టొద్దు.
2. సీసా నోరు ప్రవాహానికి ఎదురుగా, నీటి మట్టానికి 20, 30 సెంటీమీటర్ల లోతున ఉండాలి. పైన నురగ, చెత్త తేలుతుంటాయి, అడుగున బురద లేస్తుంది. మధ్యనీరే కావాలి.
3. థయోసల్ఫేట్ లేని సీసానైతే ఒకసారి అదే నీళ్లతో కడిగి పారబోయవచ్చు. థయోసల్ఫేట్ ఉన్నదాన్ని కడగొద్దు, ఆ థయోసల్ఫేటే పోతుంది.
4. రెండు, మూడు సెంటీమీటర్లు ఖాళీ వదలండి. తర్వాత కుదపడానికి చోటుండాలి.
5. మూత బిగించి, బయట తుడిచి, విడి జిప్ కవర్‌లో వేసి ఐస్ బాక్స్‌లో నిలబెట్టండి. విడి ఐసు ముక్కలు వేస్తే కరిగిన నీళ్లు మూతలోంచి లోపలికి దిగుతాయి. జెల్ ప్యాకులే మేలు.

ఎస్టీపీ లోపలి నీరు, బయటి నీరు ఒకే నిమిషంలో పట్టేసి "శుద్ధి తర్వాత ఇంత తగ్గింది" అనడం చాలా పేపర్లలో చూస్తాను. లోపలికి వచ్చిన నీరు బయటికి రావడానికి గంటలు పడుతుంది. ప్లాంటు ఆపరేటర్‌ను అడిగితే ఎన్ని గంటలో చెబుతాడు. ఆ గంటల తేడాతో పట్టండి. వీలైతే గంటకోసారి పట్టి కలిపి ఒక నమూనా చేయండి.

రిజిస్టర్‌లో: సమయం, నీటి ఉష్ణోగ్రత, పీహెచ్, గత మూడు రోజుల్లో వాన, జంట జలాశయాల (గండిపేట, హిమాయత్‌సాగర్) గేట్లు ఎత్తారా లేదా. చివరిది చాలామంది రాయరు. వానాకాలంలో గేట్లు ఎత్తిన వారం మూసీ వేరే నది.

ఆరు గంటల్లో ఫిల్టర్ మీదికి రావాలి. ఏ కారణంగానైనా ఆలస్యమైతే 24 గంటలే గడువు, అదీ చల్లగా ఉంచితేనే. సీసాను ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి.

## 5. ల్యాబులో వరుస

శుభ్రమైన నీటి నుంచి మురికి నీటికి. ఎగువ నది, తర్వాత ఎస్టీపీ బయటి నీరు, తర్వాత దిగువ నది, చివర మురుగు. ఈ వరుస తిప్పితే గరాటుకు అంటుకున్న ఒక్క చుక్క మురుగు చాలు, మీ "శుభ్రమైన ఎగువ" కథ ముగిసిపోవడానికి.

ఒక్కో చోటుకు ఎంత నీరు ఫిల్టర్ చేయాలో మొదటిసారి తెలియదు. ఈ కొలతలతో మొదలుపెట్టండి. అన్నీ అసలు నమూనా లెక్కలో, మి.లీ.లలో:

- ఎగువ: మామూలు ప్లేటుకు 10, 1, 0.1. మందు ప్లేటుకు 100, 10, 1.
- ఎస్టీపీ బయటి నీరు: మామూలుకు 1, 0.1, 0.01. మందుకు 10, 1, 0.1.
- దిగువ: మామూలుకు 0.1, 0.01, 0.001. మందుకు 1, 0.1, 0.01.
- పచ్చి మురుగు, మార్కెట్ మురుగు: మామూలుకు 0.01, 0.001, 0.0001. మందుకు 0.1, 0.01, 0.001.

మందు ప్లేటుకు ఎప్పుడూ పదిరెట్లు ఎక్కువ నీరు. ఒక్కో కొలతకూ రెండేసి ప్లేట్లు.

1. సీసాను 25 సార్లు బలంగా కుదపండి. బ్యాక్టీరియా మట్టి రేణువులకు అతుక్కుని అడుగున కూర్చుంటుంది.
2. 9 మి.లీ. స్టెరైల్ సెలైన్ ట్యూబుల్లో పదేసి రెట్ల డైల్యూషన్లు. ప్రతి ట్యూబుకూ కొత్త టిప్. పాత టిప్‌తోనే దిగితే పైట్యూబు బ్యాక్టీరియా కిందకి మోసుకుపోతుంది, లెక్క పెరుగుతుంది.
3. ముందుగా 50 మి.లీ. స్టెరైల్ సెలైన్ ఒక్కటే ఫిల్టర్ చేసి మామూలు ప్లేటు మీద పెట్టండి. ఇది మొదటి బ్లాంక్. చివర మురుగు అయ్యాక ఇంకోటి. ఫీల్డ్ బ్లాంక్‌ను కూడా ఇదే తీరున ఫిల్టర్ చేయండి.
4. 0.45 మైక్రాన్, 47 మి.మీ. మెంబ్రేన్, గళ్ల వైపు పైకి.
5. గరాటులో ముందు 20 మి.లీ. సెలైన్ పోసి, అందులో మీ 1 మి.లీ. వేయండి. నేరుగా 1 మి.లీ. పోస్తే కాలనీలన్నీ ఒక మూల గుంపు కడతాయి, లెక్కపెట్టలేరు.
6. వాక్యూమ్ ఆపి, మెంబ్రేన్‌ను పటకారుతో తీసి ప్లేటు మీద ఒక అంచు నుంచి మెల్లగా దొర్లించండి. కింద బుడగ ఉంటే అక్కడ ఏమీ పెరగదు.
7. చోటు మారినప్పుడల్లా గరాటు మార్చండి. చాలినన్ని లేకపోతే మరిగే నీళ్లలో ముంచి చల్లార్చండి.
8. అరగంటలోపు ఇంక్యుబేటర్‌లోకి. తలకిందులుగా, 35 నుంచి 37 డిగ్రీలు, 18 నుంచి 24 గంటలు.

దిగువ నీరు, మురుగు ఎక్కువ కొలతలో మెంబ్రేన్‌ను పూడ్చేస్తాయి. రెండు నిమిషాలు దాటినా నీరు దిగకపోతే దాన్ని వదిలి తక్కువ కొలతకు వెళ్లండి. కర్రతో కలిపి లాగడాలు వద్దు.

## 6. లెక్క

నీలి-ఆకుపచ్చవి మాత్రమే లెక్కలోకి. తెల్లవీ, రంగులేనివీ మందు ప్లేటు మీద బోలెడు వస్తాయి. సహజంగానే సెఫోటాక్సిమ్‌కు లొంగని నీటి బ్యాక్టీరియా చాలా ఉంది. వాటిని కలిపి లెక్కిస్తే మీ శాతం ఆకాశాన్నంటుతుంది.

మెంబ్రేన్ మీద 20 నుంచి 80 మధ్య ఉన్న ప్లేటే నమ్మదగ్గది. ఉదాహరణకు దిగువ నమూనా ఇలా వచ్చిందనుకుందాం. ఇవి లెక్క చూపడానికి వేసుకున్న అంకెలే, మూసీ ఫలితాలు కావు.

- మామూలు ప్లేటు, 0.01 మి.లీ.: 46 కాలనీలు. 46 × 100 ÷ 0.01 = 4,60,000. అంటే 100 మి.లీ.కి 4,60,000 సీఎఫ్‌యూ (కాలనీ కట్టగల బ్యాక్టీరియా).
- మందు ప్లేటు, 0.1 మి.లీ.: 62 కాలనీలు. 62 × 100 ÷ 0.1 = 62,000.
- మందు ప్లేటు నుంచి తీసిన 5 కాలనీల్లో 4 నిజంగా ఈఎస్‌బీఎల్ ఈ-కొలై అని తేలాయి. 62,000 × 4 ÷ 5 = 49,600.
- శాతం: 49,600 ÷ 4,60,000 × 100 = 10.8.

ఈ శాతాన్నే చోటుకూ చోటుకూ పోల్చండి. ఎస్టీపీలో దీని విలువ బాగా తెలుస్తుంది. శుద్ధి తర్వాత మొత్తం ఈ-కొలై నూరో వంతుకు పడిపోవచ్చు, శాతం మాత్రం లోపల ఎంత ఉందో బయటా అంతే ఉండొచ్చు. అంటే ప్లాంటు బ్యాక్టీరియాను తగ్గించింది, మొండివాటిని వేరుచేసి ఏమీ తగ్గించలేదు. ఒక్క మందు ప్లేటే చూసినవాడు దీన్ని "రెసిస్టెన్స్ 99 శాతం తగ్గింది" అని రాస్తాడు. అది తప్పు.

నెలల సగటు తీసేటప్పుడు మామూలు సగటు వద్దు. లాగ్ విలువలు తీసుకుని జామెట్రిక్ మీన్ కట్టండి. ఒక్క వాన రోజు లెక్క మిగతా అన్నిటినీ మింగేయకుండా ఉంటుంది.

## 7. నిర్ధారణ

రెండో రోజు: మందు ప్లేటు నుంచి నమూనాకు కనీసం అయిదు నీలి కాలనీలు. అందంగా, పెద్దగా ఉన్నవాటినే ఏరుకోవద్దు. మెంబ్రేన్ మీద ఒక గళ్ల వరుస ఎంచుకుని అందులో ఉన్నవి వరుసగా తీసుకోండి. కొత్త మందు ప్లేటు మీద గీసి శుద్ధం చేయండి.

మూడో రోజు: ట్రిప్టోన్ నీళ్లలో ఇండోల్ పరీక్ష పెట్టండి. మర్నాడు కోవాక్స్ వేస్తే ఎర్ర ఉంగరం రావాలి. అదే రోజు డిస్క్ పరీక్ష కూడా పెట్టేయండి.

1. ముల్లర్-హింటన్ అగార్, 4 మి.మీ. మందం. పలుచగా పోస్తే డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాలు పెద్దవవుతాయి.
2. 0.5 మెక్‌ఫార్లాండ్ మబ్బుదనం. చేసిన 15 నిమిషాల్లో పూయాలి.
3. సెఫోటాక్సిమ్ 30, సెఫోటాక్సిమ్-క్లావులనేట్ 30/10, సెఫ్టాజిడిమ్ 30, సెఫ్టాజిడిమ్-క్లావులనేట్ 30/10, మెరోపెనెమ్ 10 (అంకెలు మైక్రోగ్రాములు; క్లావులనేట్ ఈఎస్‌బీఎల్ ఎంజైమును అడ్డుకునేది). అయిదు డిస్కులు, మధ్యకు మధ్య 24 మి.మీ. తగ్గకుండా.
4. 35 డిగ్రీలు, 16 నుంచి 18 గంటలు.

నాలుగో రోజు స్కేలుతో కొలవండి. క్లావులనేట్ ఉన్న డిస్క్ వలయం, లేనిదానికంటే 5 మి.మీ. గానీ అంతకు మించి గానీ పెద్దదైతే ఈఎస్‌బీఎల్. సెఫోటాక్సిమ్ 11, క్లావులనేట్‌తో 21 వస్తే అనుమానమే లేదు. రెండు జతల్లో ఏ ఒక్కటి చూపినా చాలు.

కంట్రోళ్లు: 25922 తేడా 2 మి.మీ. దాటకూడదు. 700603 సెఫ్టాజిడిమ్ జతలో కనీసం 5, సెఫోటాక్సిమ్ జతలో కనీసం 3 చూపాలి. సెఫోటాక్సిమ్ జతలో 5 రాలేదని డిస్కులు పారేసినవాళ్లున్నారు.

మందు ప్లేటు మీద పెరిగి, క్లావులనేట్‌తో తేడా చూపనివి రెండు రకాలు. మెరోపెనెమ్ వలయం 23 గానీ అంతకు మించి గానీ ఉంటే అది బహుశా ఆంప్-సీ (క్లావులనేట్‌కు లొంగని మరో ఎంజైము) రకం. 19 లేదా అంతకు తక్కువైతే ఎన్‌డీఎం లాంటిది ఉండొచ్చు. దాన్ని 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80లో దాచి, పీసీఆర్ ఉన్నచోటికి పంపండి.

## 8. ఎక్కడ చెడుతుంది, ఎలా దిద్దాలి

- మందు ప్లేటు, మామూలు ప్లేటు దాదాపు సమానం: ముందు 25922 చూడండి. అది పెరిగితే మందు పోయింది, బ్యాచ్ మొత్తం చెత్తబుట్టకే. పెరగకపోతే ప్లేట్ల మీద రాసిన కొలతలు తారుమారయ్యాయేమో చూడండి.
- మందు ప్లేటు పూర్తిగా ఖాళీ, మురుగు నీటికి కూడా: స్టాక్ మరీ ఎక్కువ పడి ఉండొచ్చు. 13353 కూడా పెరగకపోతే ప్లేటులోనే లోపం.
- పది మి.లీ.కి 30, ఒక మి.లీ.కి 28: కుదపలేదు, లేదా టిప్ మార్చలేదు. పదిరెట్లు తగ్గని వరుసను లెక్కలోకి తీసుకోవద్దు.
- నీలం పరుచుకుపోయి కాలనీలు విడిగా లేవు: ప్లేటు తడిగా ఉంది. వాడే ముందు మూత కొంచెం తెరిచి, లామినార్ గాలిలో పావుగంట ఆరబెట్టండి.
- చివరి బ్లాంక్‌లో రెండు మూడు నీలి కాలనీలు: గరాటు శుభ్రం కాలేదు. మురుగు లెక్కకు నష్టం లేదు. ఎగువ నమూనా మురుగు తర్వాత చేసి ఉంటే దాన్ని వదిలేయాలి.
- ఫీల్డ్ బ్లాంక్‌లోనే కాలనీలు: సీసాలు, సంచి, చేతులు. ఆ రోజు నమూనాలన్నీ పోయినట్టే. బాధగానే ఉంటుంది.

ఇంకొకటి. ఒక్క ఆదివారం ఒక్కసారి పట్టి "మూసీలో ఇంత శాతం" అని రాయకండి. ఎండాకాలం, వానాకాలం, చలికాలం కలిసేలా కనీసం ఏడెనిమిది సార్లు పట్టాలి. ప్రాజెక్టు గడువు నాలుగు నెలలే అయితే చోట్లు తగ్గించండి, సార్లు తగ్గించకండి.

## 9. పారేయడం

మీరు పెంచింది ఆస్పత్రి మందులకు లొంగని బ్యాక్టీరియాను, కోట్ల సంఖ్యలో. నీళ్లలో ఉన్నదానికంటే మీ ఇంక్యుబేటర్‌లో ఉన్నదే ప్రమాదం. బీఎస్ఎల్-2 (రెండో స్థాయి జీవభద్రత) జాగ్రత్తలు తప్పనిసరి.

- ప్లేట్లు, టిప్పులు, మెంబ్రేన్లు, మిగిలిన నమూనా నీరు: 121 డిగ్రీలు, కనీసం అరగంట. నిండా కుక్కిన సంచిలో మధ్యదాకా ఆవిరి చేరదు, సగమే నింపండి.
- ఆ తర్వాత పసుపు సంచి, బయోమెడికల్ వ్యర్థాల బండికి.
- మిగిలిన నీళ్లను సింకులో పోయడం, ప్లేట్లు కడిగి మళ్లీ వాడుకోవడం: రెండూ వద్దు.
- సీసాలు, ఐస్ బాక్స్ లోపల: హైపోక్లోరైట్‌తో తుడిచి పది నిమిషాలు ఆగి కడగాలి.

## 10. ఒడ్డున ఉన్నవాళ్లు అడిగితే

అడుగుతారు, తప్పకుండా. దిగువన మూసీ నీళ్లతో పారాగడ్డి పెంచి పశువుల మేతకు అమ్ముకునేవాళ్లు ఏళ్లుగా ఆ నీళ్లలోనే పనిచేస్తున్నారు. "గీ మురికినీళ్లు పట్టుకపోయి ఏంజేస్తరు బిడ్డా?" అని ఒకామె గడ్డి మోపు దించి మరీ అడిగింది. మా విద్యార్థిని గ్లవ్స్, కళ్లద్దాలు, గమ్ బూట్లతో ఉంది. ఆమె చేతికి కొడవలి తప్ప ఏమీ లేదు.

"నీళ్లలో డేంజర్ ఉంది" అని బెదరగొట్టి రావొద్దు, "ఏం కాదులే అమ్మా" అనీ అనొద్దు. మీ ప్లేటు చెప్పేది నీళ్లలో ఏముందన్నదే. ఆమెకు జబ్బు చేస్తుందా లేదా అన్నది ఆ ప్లేటు చెప్పదు. ఆ రోజు మేం చెప్పింది ఇంతే: గడ్డి కోసేటప్పుడు చేతికి తెగితే ఆ చేతిని నీళ్లలో పెట్టొద్దు, బువ్వ తినే ముందు ఇంటి నీళ్లతో సబ్బుపెట్టి కడుక్కో, జ్వరమొస్తే షాపులో అడిగి రెండు గోలీలు వేసుకోకుండా దవాఖానకు పో, మూసీ నీళ్లలో పనిచేస్తానని డాక్టరుకు చెప్పు. ఆమె మోపు నెత్తికెత్తమంది. గ్లవ్స్ తీసి, చేతులకు శానిటైజర్ రాసుకుని ఎత్తి పంపాం. తర్వాత కొత్త గ్లవ్స్ వేసుకుని రెండో సీసా ముంచాం.